హైదరాబాద్ నుంచి వైజాగ్: విమానంలో ఎంతసేపు, రోడ్డు మీద ఎంతసేపు? ఇంటి గడప నుంచి లెక్క వేసుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరం అని ఫోన్లో వెతికితే ఒకచోట 500 కిలోమీటర్లు, ఇంకోచోట 620, మరోచోట 700 అని వస్తుంది. ప్రయాణ సమయం కూడా అంతే. గంటా పావు అని ఒకరు, పది గంటలని ఒకరు, పదమూడు గంటలని ఇంకొకరు చెబుతారు. వీటిలో ఏదీ తప్పు కాదు. 500 ఆకాశంలో గీసిన గీత పొడవు, 620 విజయవాడ మీదుగా రోడ్డు, 700 రైలు పట్టాలు. అయితే కూకట్‌పల్లిలో తాళం వేసి బయల్దేరి ఎంవీపీ కాలనీలో చెల్లెలి ఇంటి గంట కొట్టడానికి ఎంతసేపు పడుతుందో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. మీకు కావలసిన లెక్క అది. ఆ లెక్క మీరే వేసుకోవాలి. కష్టమేమీ లేదు, పది నిమిషాల పని.

ఇక్కడ హైదరాబాద్, వైజాగ్ తీసుకుని చెబుతున్నాను. ఇదే పద్ధతి ఏ రెండు ఊళ్ళకైనా పనికొస్తుంది.

ముందు గాలిదూరం చూడండి

కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఊరి మీద రైట్ క్లిక్ చేస్తే "మెజర్ డిస్టెన్స్" అని వస్తుంది. అది నొక్కి రెండో ఊరి మీద క్లిక్ చేస్తే సూటి దూరం కనబడుతుంది. కాగితం మీద వేసుకోవాలన్నా వీలే. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలకు ఇదే లెక్క. తూర్పు పడమరలకు మాత్రం భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చేకొద్దీ డిగ్రీ కురచ అవుతుంది. మన తెలుగు నేల మీద 106 కిలోమీటర్లు అనుకోవచ్చు. హైదరాబాద్ రేఖాంశం 78.5, వైజాగ్‌ది 83.2. తేడా 4.7 డిగ్రీలు, అంటే దాదాపు 500 కిలోమీటర్లు. అక్షాంశంలో తేడా 0.3 డిగ్రీ మాత్రమే, 33 కిలోమీటర్లు. రెండు ఊళ్ళూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి కాబట్టి ఆ 33 వల్ల మొత్తం పెద్దగా మారదు. గాలిదూరం 500 చిల్లర.

ఆ రేఖాంశం తేడా ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. అందుకే గడియారం ఒకటే అయినా వైజాగ్‌లో సుమారు పందొమ్మిది నిమిషాలు ముందే తెల్లవారుతుంది, అంత ముందే చీకటి పడుతుంది. సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకునే వాళ్ళకు ఇది పనికొచ్చే సంగతి.

రోడ్డు ఎందుకు అంత పెరిగిందో చూడండి

సూటి గీత ఖమ్మం జిల్లా మీదుగా పోయి, పాపికొండల దగ్గర్లో గోదావరి దాటి, రంపచోడవరం ఏజెన్సీ కొండల మీదుగా వైజాగ్ చేరుతుంది. హైవే ఆ కొండల్లోకి పోదు. ఆగ్నేయంగా విజయవాడ దాకా దిగి, కృష్ణా, గోదావరి డెల్టాల అంచు పట్టుకుని మళ్ళీ ఈశాన్యంగా పైకి వెళుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 పైచిలుకు, అక్కడి నుంచి వైజాగ్ 350. మొత్తం 620 దాటుతుంది.

620ని 500తో భాగిస్తే 1.24. తెలియని రెండు ఊళ్ళ మధ్య రోడ్డు దూరం అంచనా కట్టాలంటే మైదానంలో గాలిదూరానికి పాతిక శాతం కలిపితే దాదాపు సరిపోతుంది. కొండదారి అయితే ఇంకా ఎక్కువ కలపాలి. వైజాగ్ నుంచి అరకు గాలిదూరం 80 కిలోమీటర్లే, ఘాట్ రోడ్డు మీద 115 దాటుతుంది.

ఇంకో దారి కూడా వచ్చింది. సూర్యాపేట నుంచి ఖమ్మానికి నాలుగు లేన్ల రోడ్డు, ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల కొత్త గ్రీన్‌ఫీల్డ్ హైవే, అంటే పాత రోడ్డును వెడల్పు చేయకుండా కొత్త నేల మీద వేసినది. విజయవాడ దాకా దిగే పని లేకుండా నేరుగా గోదావరి వైపు తీసుకుపోతుంది. ఈ దారిని ముక్కలు ముక్కలుగా తెరుస్తున్నారు కాబట్టి, మీరు బయల్దేరే రోజున ఏ ముక్క తెరిచి ఉందో మ్యాప్‌లో చూసుకుని, ఈమధ్య ఆ దారిలో వెళ్ళిన వాళ్ళెవరైనా ఉంటే అడిగి వెళ్ళండి. రాత్రిపూట తెలియని డైవర్షన్లలో పడితే మిగిలిన సమయమంతా అక్కడే పోతుంది.

విమానం లెక్క: ఐదు ముక్కలు

టికెట్ మీద గంటా పావు అని ఉంటుంది. అది విమానం ఇక్కడ గేటు వదిలిన దగ్గర నుంచి అక్కడ గేటు దగ్గర ఆగే వరకు. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరుసలో ఆగడం కూడా అందులోనే ఉంటాయి. గాల్లో ఉండేది ఇంకా తక్కువే. చిన్న రెక్కపంకాల ఏటీఆర్ అయితే కాస్త ఎక్కువ పడుతుంది. దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల, పెద్ద జెట్ 800 దాటుతుంది. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇప్పుడు కాగితం తీసుకుని ఈ ఐదూ రాయండి: ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు, ఎయిర్‌పోర్టు లోపల, విమానంలో, దిగాక బ్యాగుల దగ్గర, అక్కడి నుంచి వెళ్ళాల్సిన ఇంటికి.

మొదటిది మీ ఇల్లు ఎక్కడ అన్నదాని మీద ఆధారపడుతుంది. గచ్చిబౌలి వాళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ ఎయిర్‌పోర్టు అరగంట. మెహదీపట్నం వాళ్ళకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా వెళ్ళిపోవచ్చు. కూకట్‌పల్లి, సికింద్రాబాద్, ఉప్పల్ వాళ్ళు మాత్రం గంటా పావు వేసుకోవాలి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య అయితే ఇంకో అరగంట. ఎయిర్‌పోర్టుకు ఆర్టీసీ నడిపే పుష్పక్ బస్సులో వెళితే స్టాపులో ఎదురుచూసే సమయం కూడా కలపండి.

రెండోది చెక్-ఇన్, సెక్యూరిటీ. దేశీయ విమానాలకు చాలావరకు చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు మూసేస్తారు, గేటు పాతిక నిమిషాల ముందు మూసేస్తారు. వెనక్కి లెక్కపెడితే, లగేజీ ఇచ్చేవాళ్ళు గంటా ముప్పావు ముందు, చేతిసంచీ మాత్రమే ఉన్నవాళ్ళు గంటా పావు ముందు చేరాలి. ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్ర యాప్ ఉంటే ఎంట్రీ గేటు దగ్గర వరుస తప్పుతుంది. సెక్యూరిటీ వరుస మాత్రం అందరికీ ఉంటుంది.

దిగాక బ్యాగు వచ్చేసరికి అరగంట. చేతిసంచీతో వెళ్ళినవాళ్ళకు పావుగంట.

ఐదోది చాలామంది పట్టించుకోరు. వైజాగ్‌లో ఇన్నాళ్ళూ విమానాలు దిగింది ఎన్ఏడీ దగ్గర, నేవీ వారి ఐఎన్ఎస్ డేగ రన్‌వే మీద. అక్కడి నుంచి గాజువాక ఇరవై నిమిషాలు, ఎంవీపీ కాలనీ ముప్పావు గంట, మధురవాడ గంట. భోగాపురంలో కొత్త విమానాశ్రయం వైజాగ్‌కు ఈశాన్యంగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీ టికెట్ మీద అది రాసి ఉంటే లెక్క తలకిందులవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకు దగ్గర. గాజువాక, అనకాపల్లి వాళ్ళకు బాగా దూరం, గంటన్నర పైనే వేసుకోండి. ఊరి పేరు వైజాగే కదా అని సరిపెట్టుకోకుండా ఏ విమానాశ్రయమో చూసి బుక్ చేయండి.

కూకట్‌పల్లి నుంచి ఎంవీపీ కాలనీకి పాత విమానాశ్రయం మీదుగా మొత్తం ఇలా వస్తుంది: గంటా పావు, గంటా ముప్పావు, గంటా పావు, అరగంట, ముప్పావు గంట. కూడితే ఐదున్నర గంటలు. టికెట్ మీద ఉన్నదానికి నాలుగు రెట్లకు పైనే.

కారు లెక్క: కిలోమీటర్లను గంటలుగా మార్చడం

హైవే మీద వంద స్పీడు కొట్టామని అనిపించినా, టోల్ గేట్లు, ఊళ్ళ దగ్గర క్రాసింగులు, పక్కపక్కనే పోయే రెండు లారీల వెనక ఇరుక్కోవడం అన్నీ కలిపితే సగటు 65 దాటదు. 620ని 65తో భాగిస్తే తొమ్మిదిన్నర గంటలు. మ్యాప్ చూపించేది కూడా ఇంచుమించు ఇదే. మీరు ఆగేవి మ్యాప్‌కు తెలియవు. టిఫిన్, భోజనం, టీ, పెట్రోలు, పిల్లల బాత్రూం కలిపి తక్కువలో తక్కువ గంటన్నర. ఊళ్ళోంచి బయటపడటానికి అరగంటో, ముప్పావు గంటో. మొత్తం పదకొండున్నర నుంచి పన్నెండు గంటలు.

దారిని ముక్కలు చేసి రాసుకుంటే ఎక్కడ వెనకబడ్డారో తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు కూకట్‌పల్లిలో బయల్దేరారనుకోండి. ఐదుంపావుకల్లా ఔటర్ దగ్గర పెద్ద అంబర్‌పేట దాటాలి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్, తర్వాత కొర్లపహాడ్ టోల్, ఏడు లోపు సూర్యాపేట. అక్కడ ఇడ్లీ తిని కదిలితే కోదాడ, చిల్లకల్లు టోల్ దాటి, తొమ్మిదిన్నరకు గొల్లపూడి. విజయవాడ ఊళ్ళోకి పోవద్దు. గొల్లపూడి నుంచి చిన్న అవుటపల్లికి వెస్ట్ బైపాస్ ఉంది, అది పట్టుకుంటే దుర్గగుడి ఫ్లైఓవర్, బెంజ్ సర్కిల్ తప్పుతాయి. హనుమాన్ జంక్షన్, ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర రెండు దారులున్నాయి. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పాతది. నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్తది. వైజాగ్ పోయేవాళ్ళు కొత్తదే పట్టుకోవాలి. కొవ్వూరు దగ్గర నాలుగో వంతెన మీద గోదావరి దాటి దివాన్‌చెరువు చేరేసరికి పన్నెండు. భోజనం అక్కడే చేసేయండి. తర్వాత జగ్గంపేట, కత్తిపూడి, అన్నవరం, తుని, నక్కపల్లి, యలమంచిలి. అనకాపల్లి మూడుంపావుకు. ఎంవీపీ కాలనీకి నాలుగుంపావు.

అనకాపల్లి దగ్గర ఒక్క నిమిషం ఆలోచించాలి. మీరు వెళ్ళేది గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు అయితే లంకెలపాలెం మీదుగా నేరుగా పోండి. మధురవాడ, రుషికొండ, లేదా విజయనగరం అయితే సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు లేన్ల బైపాస్ ఉంది. అది ఎక్కితే గాజువాక, ఎన్ఏడీ ట్రాఫిక్ మొత్తం తప్పిపోతుంది. మ్యాప్‌లో గమ్యం "విశాఖపట్నం" అని మాత్రమే పెడితే అది మిమ్మల్ని ఊరి నడిబొడ్డుకు తీసుకుపోతుంది. చేరాల్సిన వీధి పేరు పెట్టండి.

ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా సూర్యుడు సరిగ్గా కళ్ళలో పడతాడు. హైదరాబాద్ నుంచి విజయవాడ దారి తూర్పు ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి చలికాలంలో ఇది మరీ ఎక్కువ. అద్దం ముందురోజే లోపలా బయటా తుడిపించండి, చలవ కళ్ళద్దాలు చేతికందేలా పెట్టుకోండి. సూర్యాపేట టిఫిన్ ఆ సమయంలో పెట్టమన్నది ఇందుకే.

రాత్రి డ్రైవింగ్ గురించి గట్టిగా చెబుతాను. ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, పొద్దున్నే దిగిపోవచ్చని చాలామంది అంటారు. సమయం లెక్కన అది నిజమే, గంట మిగులుతుంది. కానీ రోజంతా పనిచేసిన మనిషికి తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్ళు మూతలు పడతాయి. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు ఉండేదీ అప్పుడే. ఇద్దరు డ్రైవర్లు లేకపోతే ఆ గంట కోసం అలా వెళ్ళొద్దు. ఇంట్లో వాళ్ళంతా ఆ కారులోనే ఉంటారు. దారిలో ఏదైనా అయితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. బయల్దేరే ముందే ఫోన్లో సేవ్ చేసుకోండి.

పెట్రోలు లెక్క సులువు. లీటరుకు 15 ఇచ్చే కారుకు 620 కిలోమీటర్లకు 41 లీటర్లు. దానికి టోల్ కలపండి. తరచూ తిరిగేవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది, మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. జాతీయ రహదారి టోళ్ళకు పనిచేస్తుంది, మన ఔటర్ రింగ్ రోడ్డుకు పనిచేయదు. ఒక్కరో ఇద్దరో అయితే ముందుగా కొన్న విమానం టికెట్ కారు ఖర్చుకు దగ్గరగా రావచ్చు. నలుగురు ఎక్కితే కారే చౌక.

బస్సు అయితే ఎక్కే చోటు నుంచి లెక్కపెట్టండి

బస్సు టైము అని రాసి ఉండేది మొదటి స్టాపు టైము. మియాపూర్‌లో ఏడింటికి ఎక్కినవాళ్ళు కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, లక్డీకాపూల్ ఆగుతూ ఎల్బీ నగర్ దాటేసరికి తొమ్మిది అవుతుంది. రెండు గంటలు ఊళ్ళోనే. మీరు ఉండేది మియాపూర్ అయినా మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్ళి అక్కడ ఎక్కితే ఇంట్లో కాసేపు ఎక్కువ ఉండొచ్చు. సామాను ఎక్కువైతే, పెద్దవాళ్ళు ఉంటే ఇది కుదరదు, ఇంటి దగ్గరే ఎక్కండి. దిగేటప్పుడూ ఇంతే. గాజువాక, ఎన్ఏడీ, గురుద్వారా, మద్దిలపాలెం వరుసగా వస్తాయి, మీ ఇంటికి దగ్గరది ముందే అడిగి పెట్టుకోండి. మొత్తం పన్నెండు, పదమూడు గంటలు. అయితే అందులో ఏడెనిమిది గంటలు నిద్రలో పోతాయి. మర్నాడు పని ఉన్నవాళ్ళు ఈ నిద్ర గంటలను తీసేసి చూస్తే రాత్రి బస్సుకూ పగటి విమానానికీ తేడా చాలా తగ్గుతుంది.

రైలు మాట కూడా చెప్పాలి. 2023 జనవరి 15న మొదలైన వందే భారత్ సికింద్రాబాద్ నుంచి వైజాగ్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. కారు కంటే ముందే. రాత్రి రైళ్ళు పది నుంచి పదమూడు గంటలు. టికెట్ దొరికితే పెద్దవాళ్ళకు ఇదే హాయి.

మీ ఊరు మధ్యలో ఉంటే

వైజాగ్ విమానం ఎక్కి తునికో అన్నవరానికో వెనక్కి రావాల్సిన వాళ్ళు రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం కూడా చూడాలి. కాకినాడ వాళ్ళకు అదే దగ్గర, 65 కిలోమీటర్లు. తుని దాదాపు రెండింటి మధ్యలో ఉంది, ఏ విమానం వేళ కుదిరితే అది. రాజమండ్రికే వెళ్ళేవాళ్ళు ఐదు ముక్కల లెక్క మళ్ళీ వేయండి. విమానంలో ఐదు గంటలు, కారులో ఏడున్నర. పిల్లలు, సామాను ఉంటే ఆ రెండున్నర గంటల కోసం విమానం ఎక్కడం ఎంతవరకు అవసరమో ఇంట్లో మాట్లాడుకోండి. విజయవాడకు అయితే కారుకే నా ఓటు. ఇంటి దగ్గర ఎక్కి ఐదారు గంటల్లో ఇంటి దగ్గర దిగుతారు. గన్నవరం విమానం ఎక్కినా అన్నీ కలిపితే ఇంచుమించు అంతే.

లెక్క తప్పే రోజులు

భోగి ముందురోజు పంతంగి టోల్ దగ్గర చౌటుప్పల్ నుంచే బండ్లు బారులు తీరి ఉంటాయి. ఆ రెండు మూడు రోజులు పైన రాసిన సమయానికి మూడు గంటలు కలపండి, లేదా పండక్కి నాలుగు రోజుల ముందే వెళ్ళండి. వర్షాకాలంలో మున్నేరు నదిని చూసుకోవాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ నందిగామ దగ్గర ఐతవరంలో నీళ్ళు హైవే మీదికి వచ్చి వాహనాలు ఆగిపోయాయి. ఖమ్మం, వరంగల్ వైపు రెండు రోజులుగా కుండపోత అని వార్తల్లో వస్తే ఆ నీళ్ళు కిందికి వస్తాయని అర్థం. ప్రయాణం ఒకరోజు వాయిదా వేయండి. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే వైజాగ్ విమానాలను ముందు చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టెర్మినల్ పైకప్పే దెబ్బతిని సర్వీసులు కొన్నాళ్ళు ఆగాయి.

ఆసుపత్రి అనో, దహన సంస్కారాలనో హఠాత్తుగా వెళ్ళాల్సి వస్తే టెన్షన్‌లో లెక్కలు వేయలేం. అప్పటికి ఒకటే గుర్తుపెట్టుకోండి: విమానం బయల్దేరడానికి ఇంకా ఎన్ని గంటలుందో దానికి నాలుగు కలపండి. ఆ మొత్తం పన్నెండు లోపు ఉంటే విమానానికే వెళ్ళండి. దాటితే కారు, అదీ వేరే డ్రైవరుతో. దుఃఖంలో ఉన్న మనిషి స్టీరింగ్ పట్టుకోకూడదు.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఎండ సాయంత్రం కళ్ళలో పడుతుంది. సూర్యాపేట నుంచి చౌటుప్పల్ దాకా నాలుగున్నర తర్వాత ఇబ్బంది. ఆదివారం సాయంత్రం ఊళ్ళ నుంచి తిరిగొచ్చే వాళ్ళంతా ఒకేసారి పంతంగి చేరతారు, అది దాటాక ఎల్బీ నగర్ సిగ్నళ్ళు. కూకట్‌పల్లి, గచ్చిబౌలి వాళ్ళు పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కేయండి. దూరం పెరిగినా ఇల్లు ముందు చేరతారు. వైజాగ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య పంతంగి దాటొచ్చు. అంత పొద్దున్నే లేవలేకపోతే పదింటికి తీరిగ్గా కదిలి, దారిలో రాత్రి భోజనం కూడా ముగించుకుని, తొమ్మిదిన్నర దాటాక దాటండి. మ్యాప్‌లో "అరైవ్ బై" అని ఉంటుంది, అక్కడ చేరాల్సిన టైము పెడితే ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. మీరు ఆగే గంటన్నర కూడా లెక్కలో వేసుకుని, అంత ముందే బయల్దేరేలా అలారం పెట్టుకోండి.